ఫిల్ము కడిగే నీళ్ళు

మన ఊళ్ళలో ఫోటో స్టూడియోకు రీలు పట్టుకొని వెళ్ళినవారు "దీన్ని కడిగిపెట్టండి" అని అడిగేవారు. ఇంగ్లీషులో డెవలపింగ్ అనే పనిని మన జనం కడగడం అన్నారు. ఆ మాట ఎంతో తగినది. ఫిల్ము మీద బొమ్మను పైకి తెచ్చేది మందు. ఆ బొమ్మ మచ్చ లేకుండా యాభై అరవై ఏళ్ళు నిలవాలంటే మాత్రం నీళ్ళు మంచివి కావాలి, కడిగే చేతికి ఓపిక కావాలి.

ఈ నెల మన శీర్షికలో ఆ సంగతే చెప్పదలిచాము. సెల్‌ఫోనుతో ఫోటో తీయడం ఇంత సులువైన రోజులలో కూడా కొందరు యువతీ యువకులు పెట్టెల అడుగున పడి ఉన్న పాత కెమెరాలను బయటికి తీస్తున్నారు. నాన్నగారి యాషికా, మేనమామ హాట్‌షాట్, తాతగారి ఆగ్ఫా క్లిక్ త్రీ మళ్ళీ చేతికి వస్తున్నాయి. ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు తయారుచేసిన 'ఇందు' ఫిల్ము ఇప్పుడు లేదు, ఆ కర్మాగారం మూతపడింది. ఇల్‌ఫర్డ్, కొడాక్ ఫిల్ములు పైదేశాలనుండి రావాలి గనుక రీలు ఖరీదు ఎక్కువ. క్లిక్ త్రీలో ఒక రీలుకు వచ్చేవి 12 బొమ్మలే. అంత ఖర్చుపెట్టి తీసిన రీలును ఇంట్లోనే కడుక్కుంటే కొంత డబ్బు మిగులుతుంది, పిల్లలకు ఒక పని కూడా అబ్బుతుంది. నలుపు-తెలుపు ఫిల్ముకు ఇది కష్టమైన పని కాదు. రంగుల ఫిల్మును మాత్రం ల్యాబుకు ఇవ్వడమే మేలు.

అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఇంట్లో రీలు కడిగినవారికి ఒక చిక్కు తప్పదు. ఆరిన నెగెటివును వెలుతురుకు పట్టి చూస్తే తెల్లని ఉంగరాల వంటి మరకలు, నలుసులు, సన్నని గీతలు కనిపిస్తాయి. ఇది మందు లోపం కాదు. మన నీళ్ళూ, మన దుమ్మూ చేసే పని ఇది.

నెగెటివే అసలు

మరకల సంగతికి ముందు, నెగెటివు కోసం ఇంత జాగ్రత్త ఎందుకో చెప్పుకుందాము. గోడ మీద వేలాడే ఫోటో నకలు. నెగెటివు అసలు. ఫోటో వెలిసిపోయినా, చెదలు తిన్నా, నెగెటివు శుభ్రంగా ఉంటే మళ్ళీ కొత్త ఫోటో తీయించుకోవచ్చు.

పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు 1890లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద వచ్చింది. ఆ నిజాము కొలువులోనే రాజా దీన్‌దయాళ్ ఫోటోగ్రాఫరుగా ఉండేవాడు. 1905లో ఆయన చనిపోయాడు. ఆనాడు ఫిల్ము బదులు గాజు పలకలు వాడేవారు. ఆయన పలకలు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నూరేళ్ళు దాటినా వాటినుండి నేటికీ బొమ్మ తీయవచ్చు. మందు పూర్తిగా కడిగి, ఎండా తడీ తగలకుండా దాచినవి గనుకనే నిలిచాయి.

రాజుల బొమ్మలకే ఈ భాగ్యం అనుకోనక్కరలేదు. 1980లలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనూ, కర్నూలు జిల్లాలోనూ ఎన్నో ఊళ్ళు కృష్ణ నీటిలో మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించి తిరిగి కట్టారు. ఇళ్ళను అలా తరలించేవారు ఎవరు? ఆ ఊళ్ళవారికి తమ ఇంటి గడప ఎలా ఉండేదో మనుమలకు చూపాలంటే ఫోటో ఉండాలి, లేదా నెగెటివు ఉండాలి. ఏళ్ళ తరబడి పనుల కోసం దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల కుటుంబాలలోనూ అంతే. తల్లిదండ్రుల బొమ్మ ఒక్కటే ఉంటుంది. అది ఊళ్ళోని స్టూడియోలో తీసినదై ఉంటుంది. ఆ స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. నెగెటివులు ఇచ్చేవారుంటే తీసుకొని ఇంట్లో దాచుకోవలసిన సమయం ఇదే.

మన నీళ్ళలో ఏమున్నది?

నల్లగొండ నీళ్ళ పేరు చెప్పగానే అందరికీ ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. మర్రిగూడ వైపు పల్లెలలో ఆ నీళ్ళు త్రాగి ఎముకలు వంకరపోయినవారిని మనం ఎరుగుదుము. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరనిచ్చి, వడగట్టి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరీ పరిశోధనా సంస్థవారు రూపొందించారు. దానికి ప్రపంచమంతటా ఉన్న పేరు 'నల్లగొండ పద్ధతి'. ఆఫ్రికాలోని టాంజానియాలో కూడా దానిని వాడి చూశారు.

కాని ఫిల్ము మీద తెల్లని మరక పెట్టేది ఫ్లోరైడు కాదు. రాతినేలలోని బోరు నీళ్ళలో కరిగి ఉండే సున్నపు లవణాలు, మెగ్నీషియం లవణాలు, మరికొన్ని ఉప్పులు ఆ పని చేస్తాయి. నీళ్ళు కాచే కాగు అడుగున తెల్లగా పేరుకునే పొర అదే. బకెట్టు అంచున గీకినా పోని గార అదే. ఫిల్ము మీద ఒక నీటి బొట్టు నిలిచి ఆరిపోతే నీరు గాలిలో కలుస్తుంది, ఉప్పు అక్కడే ఉంటుంది. బొట్టు అంచున ఎక్కువగా చేరుతుంది గనుక మరక ఉంగరంలా కనిపిస్తుంది. ఫోటోలో గోరంత ఉన్న ముఖం మీద ఆ మరక పడితే పెద్ద సైజు తీసినప్పుడు చెంప మీద మచ్చగా వస్తుంది.

కనుక ఒక సంగతి గుర్తుంచుకోవాలి. త్రాగడానికి పనికివచ్చే నీళ్ళన్నీ ఫిల్ము చివరి కడుగుకు పనికిరావు. పటికతో తేర్చిన నీళ్ళలో ఫ్లోరైడు తగ్గినా ఉప్పులు ఉండనే ఉంటాయి. మిషన్ భగీరథ కింద వచ్చే కృష్ణ నీళ్ళు బోరు నీళ్ళకన్నా చాలా నయం. అయినా వాటిలోనూ కొంత లవణం ఉంటుంది. నీళ్ళను కాచి చల్లార్చితే కొంత సున్నం అడుగుకు దిగుతుంది, అంతా దిగదు. వాటర్ ప్లాంటు క్యాను నీళ్ళు ఇంకా మేలు. అన్నిటికన్నా మంచివి డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీలలో పోసే నీళ్ళు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బ్యాటరీ దుకాణంలో నీళ్ళూ అమ్ముతారు, యాసిడూ అమ్ముతారు. సీసాలు ఒకే తీరుగా ఉండవచ్చు. సీలు వేసిన డిస్టిల్డ్ వాటర్ అనే అడిగి, సీసా మీద చదివి తీసుకోండి. పిల్లలను పంపవద్దు.

కడిగే పద్ధతి

ఫిల్మును చీకటి సంచిలో చుట్టకు ఎక్కించి, వెలుతురు చొరని ట్యాంకులో పెట్టి మూత బిగిస్తే, తరువాతి పనంతా పగటి వెలుతురులోనే చేసుకోవచ్చు. 35 మి.మీ. రీలు ఒకటి పట్టే ట్యాంకుకు 300 మి.లీ. మందు సరిపోతుంది.

మందు కలపడానికి 20 డిగ్రీల వేడి ప్రమాణము. ఉదాహరణకు ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్ ఫిల్ముకు, నీళ్ళు కలపని డి-76లో ఆ వేడి దగ్గర ఏడున్నర నిమిషాలు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలలో మేడ మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి కాగినట్టే ఉంటాయి. అందుచేత ఎండాకాలంలో తెల్లవారుజామున పని పెట్టుకోండి. మందు సీసాలను కుండనీళ్ళు పోసిన తొట్టిలో నిలబెట్టి, అవసరమైతే నాలుగు మంచుముక్కలు తొట్టిలోనే వేయండి, సీసాలో వేయకండి. 24 డిగ్రీలకన్నా తగ్గకపోతే ఫిల్ముతో వచ్చే పట్టిక చూసి సమయం తగ్గించుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, డెవలపరు, హైపో, కడిగే నీళ్ళు మూడూ ఇంచుమించు ఒకే వేడిలో ఉండడం. ఫిల్ము మీది పూత జెలటిన్. తడిసినప్పుడు అది ఉబ్బి మెత్తబడుతుంది. చల్లని మందునుండి తీసి వేడినీళ్ళలో వేస్తే ముసలివారి చేతి చర్మంలాగా ముడతలు పడుతుంది. ఆ ముడతలు పోవు.

హైపోలో ఎంతసేపు ఉంచాలో తెలుసుకోవడానికి సులువైన మార్గముంది. రీలు మొదట కత్తిరించిన ముక్కను హైపోలో వేసి, పాలవంటి తెలుపు పోయి తేటబడడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. దానికి రెట్టింపు సమయం రీలును ఉంచండి. తేటబడడానికి మరీ ఎక్కువసేపు పడుతుంటే హైపో బలం అయిపోయిందన్నమాట.

తరువాత కడుగు. కుళాయి కింద పావుగంట నీళ్ళు వదలడం పాత అలవాటు. బిందె నీళ్ళకు వరుసలో నిలబడిన ఊళ్ళలో అది మనస్సు ఒప్పని పని. గట్టిపరిచే మందు కలపని హైపో వాడినవారికి ఇల్‌ఫర్డ్ వారు చెప్పిన పద్ధతి చాలు. ట్యాంకు నింపి 5 సార్లు తలక్రిందులు చేసి పారబోయండి. మళ్ళీ నింపి 10 సార్లు. మళ్ళీ నింపి 20 సార్లు. మూడు నింపులకు లీటరు కూడా పట్టదు. ఈ కడుగుకు వడగట్టిన మామూలు నీళ్ళు చాలు. దట్టమైన తెల్లని గుడ్డను నాలుగు మడతలు వేసి వడగట్టండి. బోరు నీళ్ళలోని ఇసుక రేణువు మెత్తబడ్డ జెలటిన్‌లో దిగబడితే తరువాత ఎంత కడిగినా రాదు.

చివరి కడుగు మాత్రం డిస్టిల్డ్ వాటరులోనే. 300 మి.లీ. నీళ్ళలో ఒకటిన్నర మి.లీ. ఫోటో-ఫ్లో కలిపితే నీళ్ళు బొట్లుగా నిలవకుండా పలుచని పొరగా జారిపోతాయి. అర నిమిషం ఉంచితే చాలు. నురుగు వచ్చేంత పోయవద్దు, అది ఆరి మరొక మరక అవుతుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు దీనికి బదులు కావు, వాటిలో రంగులు, సువాసనలు ఉంటాయి. ఒక లీటరు డిస్టిల్డ్ వాటరుతో మూడు రీళ్ళ చివరి కడుగు అవుతుంది. రీలు ఖరీదుతో పోల్చితే ఈ ఖర్చు లెక్కలోనిది కాదు.

వంటింటి గిన్నెలు, గరిటెలు, కొలత గ్లాసులు ఈ పనికి వాడకండి. మందు సీసాల మీద పేరు వ్రాసి, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. వాడిన హైపోలో ఫిల్మునుండి కరిగిన వెండి ఉంటుంది. దానిని బావి దగ్గర, కూరగాయల మడిలో పారబోయకండి.

ఆరబెట్టేటప్పుడు

ఎండాకాలంలో చెలకనేలల ఎర్రదుమ్ము కిటికీ మూసినా ఇంట్లోకి వస్తుంది. తడి ఫిల్ము మీద వాలిన దుమ్ము ఆరాక అతుక్కుపోతుంది. ఫిల్ము ఆరబెట్టడానికి ఇంట్లో మంచి చోటు స్నానాల గది. ముందుగా గోడలమీద, నేలమీద నీళ్ళు చల్లి, పది నిమిషాలు తలుపు మూయండి. గాలిలోని దుమ్ము తడికి అంటుకొని కిందికి దిగుతుంది. అప్పుడు ఫిల్మును పై చివర క్లిప్పుతో వేలాడదీసి, కింది చివర బట్టల క్లిప్పులు రెండు తగిలించండి. లేకపోతే చుట్టుకుపోతుంది. ఫ్యాను వేయకండి. మూడు నాలుగు గంటలు ఎవరూ ఆ గదిలోకి వెళ్ళకుండా చూడండి. స్నానాలన్నీ అయిన తరువాత పని పెట్టుకుంటే ఇంట్లో గొడవ ఉండదు. వానాకాలంలో రాత్రంతా ఉంచవలసి రావచ్చు.

తడి ఫిల్మును వ్రేళ్ళతో గాని, స్పాంజితో గాని, గుడ్డతో గాని తుడవకండి. వ్రేళ్ళ మధ్య చిక్కిన ఒక్క ఇసుక రేణువు రీలు పొడవునా గీత గీస్తుంది. చివరి కడుగు మంచి నీళ్ళలో జరిగితే తుడవవలసిన అవసరమే రాదు.

కెమెరాలోని దుమ్ము

మచ్చ ఎక్కడిదో ఫోటో చూసి చెప్పవచ్చు. ఫోటోలో తెల్లని చుక్క ఉంటే, కడిగిన తరువాత నెగెటివు మీద దుమ్ము వాలిందని అర్థం. దుమ్ము వెలుతురును అడ్డుకొన్నందువల్ల కాగితం తెల్లగా మిగిలింది. నల్లని చుక్క ఉంటే చాలాసార్లు దుమ్ము కెమెరాలోనిది. ఫోటో తీసే క్షణంలో అది ఫిల్ముకు అడ్డుపడింది, అక్కడ నెగెటివు ఖాళీగా ఉండిపోయింది. ఫోటో మీద పొడవునా రైలు పట్టాల్లాంటి గీతలుంటే, కెమెరా వెనుక తలుపులో ఫిల్మును నొక్కిపట్టే పలక మీద ఇసుక ఉందన్నమాట.

కనుక రీలు వేసే ముందు ప్రతిసారీ రబ్బరు బుడ్డితో కెమెరా లోపల గాలి కొట్టండి. నోటితో ఊదవద్దు, ఉమ్మి తుంపర పడుతుంది. రీలు మార్చడం ఎప్పుడూ నీడలోనే. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి చూడబోయినవారికి ఆ ఊడల చెట్టు పరిసరాలలో నీడ దొరుకుతుంది. నాగార్జునసాగర్ ఆనకట్ట మీద అలా ఉండదు, రాతికట్టడం మీద గాలీ ఎండా రెండూ ఎక్కువే. అక్కడికి వెళ్ళేటప్పుడు రీలు ముందే వేసుకొని బయలుదేరండి. కెమెరాను స్కూటరు డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో వదలకండి.

దాచడం, పాతవాటిని శుభ్రం చేయడం

ఆరిన రీలును ఆరేసి బొమ్మల ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క అరలో పెట్టండి. అరలు పాలీప్రొపిలీన్‌వి గాని, ఆమ్లం లేని కాగితానివి గాని కావాలి. పి.వి.సి. కవర్లు వద్దు, వేడికి అవి నెగెటివుకు అంటుకుంటాయి. కవరు మీద ముందే తేదీ, ఊరు, బొమ్మలోని వారి పేర్లు వ్రాసి తరువాత నెగెటివు పెట్టండి. పేరు లేని ముఖాన్ని ఇరవై ఏళ్ళ తరువాత గుర్తుపట్టేవారు ఉండరు.

వానాకాలంలో బూజు శత్రువు. గాలి చొరని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి దాచండి. ఆ గుళికలు రంగు మారితే వేడిచేసి తేమ పోగొట్టి మళ్ళీ వాడవచ్చు. రేకుల కప్పు కింద అటక మీద పెట్టకండి, ఆ వేడికి ఫిల్ము త్వరగా చెడుతుంది. బట్టల పెట్టెలో కలరా ఉండల పక్కన కూడా వద్దు.

పాత నెగెటివుల డబ్బా తెరవగానే పుల్లని సిర్కా వాసన వస్తే ఫిల్ము అట్ట కుళ్ళడం మొదలైందన్నమాట. దానిని ఆపలేము. వాటిని మంచి నెగెటివులనుండి వెంటనే వేరుచేసి, ముందు వాటికే స్కానింగు చేయించండి.

దుమ్ము మాత్రమే ఉంటే రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తని కుంచెతో మెల్లగా తోసేయండి. మెరిసే వైపు వ్రేలిముద్ర ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో, ముందు బొమ్మ లేని ఒక మూల చూసుకొని, తేలికగా తుడవండి. మెరవని వైపు నీటి మరక ఉంటే తుడిస్తే పోదు. ఆ ముక్కను ఫోటో-ఫ్లో కలిపిన డిస్టిల్డ్ వాటరులో కొంతసేపు నానబెట్టి మళ్ళీ ఆరబెట్టాలి. అయితే బూజు పట్టినవాటికి మాత్రం ఈ పని చేయకండి. బూజు జెలటిన్‌ను తిని నీళ్ళలో కరిగేటట్టు చేస్తుంది. నీళ్ళలో వేస్తే బూజుతోపాటు బొమ్మ కూడా కొట్టుకుపోతుంది. వాటిని పొడిగా ఉంచి, ఉన్నదున్నట్టు స్కాన్ చేయించుకోవడమే క్షేమం.

స్కానింగు యంత్రమే దుమ్మును తీసేస్తుంది గదా అని కొందరు అంటారు. అది పరారుణ కిరణాలతో దుమ్మును కనిపెట్టే ఏర్పాటు. రంగుల ఫిల్ములో ఆ కిరణాలు బొమ్మలోనుండి సాగిపోతాయి గనుక దుమ్ము ఒక్కటే కనిపిస్తుంది. నలుపు-తెలుపు ఫిల్ములో బొమ్మ వెండితో ఏర్పడినది. వెండి ఆ కిరణాలను ఆపేస్తుంది, యంత్రానికి బొమ్మకూ దుమ్ముకూ తేడా తెలియదు. తాతగారి కాలపు నెగెటివులను చేతితో శుభ్రం చేయడం తప్ప దారి లేదు.

ఈ సెలవులలో మీ ఇంటి పెట్టెలు ఒకసారి దింపి చూడండి. ఫోటోల కవర్ల వెనుక అరలో, పెండ్లి ఆల్బము అట్టల మధ్య నెగెటివు ముక్కలు దొరుకుతాయి. చేతులు కడుక్కొని, తుడుచుకొని, అంచులు మాత్రమే పట్టుకొని కిటికీ వెలుతురులో చూడండి. ఇంట్లో పెద్దవారు ఉండగానే వారిని పక్కన కూర్చోబెట్టుకొని, ఎవరు ఎవరో అడిగి కవర్ల మీద వ్రాయండి. నెగెటివును ఎప్పుడైనా శుభ్రం చేసుకోవచ్చు. పేర్లు చెప్పగలిగినవారు ఎల్లకాలం మన దగ్గర ఉండరు.